గూడెంలో ఇందుజ ఇల్లు

ఏప్రిల్ 14, 2008

పాఠ్య పథకాల పుస్తకంలో మిగిలిపోయిన కాగితాలు ఇవి. పైన ‘లక్ష్యం’, ‘బోధనోపకరణాలు’, ‘మూల్యాంకనం’ అని గడులు అచ్చువేసి ఉన్నాయి. వాటి మీదుగానే రాసుకుంటాను. ఎవరు దిద్దుతారు కనక.

మా ఆయన భోజనానికి మూడుసార్లు పిలిస్తే వచ్చారు. కంచం పట్టుకుని మళ్ళీ గదిలోకి వెళ్ళిపోయారు. మండవల్లి అవతల కొల్లేట్లో మా చేపల చెరువు గట్టు ప్రభుత్వంవాళ్ళు మిషన్లతో తెంపేసి ఈ వేసవికి రెండేళ్ళు. ఏలూరులో ఇంటిపట్టునే ఉండిపోయాక మొదట్లో పేపరు చదివేవారు. తర్వాత టీవీ. నోట్సు టైపు చేసుకుందామని కిందటి దసరాకి కంప్యూటరు కొన్నది నేనే. నెట్ పెట్టించింది నేనే. నేనే.

ఇప్పుడు తెల్లారి లేచింది మొదలు ఆ ఆట. కత్తులు, కోటలు, రాక్షసులు. ఎక్కడెక్కడి మనుషులో ఒక్కొక్క బొమ్మలో దూరి అందులో తిరుగుతుంటారు.

“ఎందుకండీ ఆడతారు?” అన్నాను కంచం తీసుకుంటూ.

“ఊరికే.”

పద్దెనిమిదేళ్ళుగా బి.ఎడ్. పిల్లలకి ప్రేరణ పాఠం చెబుతున్నాను. ఆకలి, భద్రత, ఆదరణ, గుర్తింపు అని బోర్డు మీద మెట్లు గీస్తాను. ‘ఊరికే’ ఏ మెట్టు మీద రాయాలో తెలియలేదు.


ఏప్రిల్ 17

కాలేజీ నుంచి వస్తూ పవర్‌పేటలో ఫిర్దౌస్ నడిపే నెట్ సెంటర్‌కి వెళ్ళాను. హాల్ టికెట్లకీ జిరాక్సులకీ ఏళ్ళ తరబడి అక్కడికే వెళతాను. ఆ ఆట ఆడేవాళ్ళు మధ్యాహ్నాలు అక్కడ నలుగురైదుగురు ఉంటారని తనే ఒకసారి చెప్పింది. ప్రశ్నావళి రాసుకుని వెళ్ళాను. మొదటి ప్రశ్న: మీరు ఎందుకు ఆడతారు?

మెడికల్ రెప్ ఒకాయన: “టార్గెట్లేనండి. కానీ ఇక్కడ టార్గెట్ కొడితే బొమ్మ చుట్టూ వెలుగొస్తుందండి. మా మేనేజరు ముందు నుంచున్నప్పుడు ఎప్పుడూ రాలేదు.”

బట్టల కొట్లో పనిచేసే ఆసిఫ్: “ఆరుగురం కలిసి వెళతామండి. ఒక్కళ్ళు రాకపోతే మిగతావాళ్ళు ఆగిపోవాలి. మా కొట్లో నేను రాకపోయినా ఏదీ ఆగదండి.”

ఇద్దరివీ శ్రద్ధగా రాసుకున్నాను. ఫిర్దౌస్ కౌంటర్ దగ్గర్నుంచి నవ్వింది. “అబద్ధాలండి మేడం గారూ. ఇంటికెళ్ళడం ఇష్టంలేక ఆడతారు. నేను రోజూ చూస్తాను కదా, కరెంటు పోతే వీళ్ళ మొహాలు చూడాలి.”

అది కూడా రాసుకున్నాను. తర్వాత కొట్టేశాను.


ఏప్రిల్ 21

లోపలికి వెళ్ళకుండా తెలియదనిపించింది. పరిశీలన అంటే అదే కదా.

“మగ బొమ్మా, ఆడ బొమ్మా అండీ?” అంది ఫిర్దౌస్, ఆడవాళ్ళ కేబిన్‌లో నా పక్కన స్టూలు వేసుకుని.

“ఆడే.”

“మంచిది. ఆడ బొమ్మైతే కత్తులూ కటార్లూ అందరూ ఊరికే ఇచ్చేస్తారండి. నిజం ఆడవాళ్ళకి అగ్గిపెట్టె కూడా ఇవ్వరు. పేరు?”

మా మొదటి బ్యాచ్‌లో ఇందుజ అనే అమ్మాయి ఉండేది. నవ్వితే చెవులు కూడా నవ్వేవి. ఆ పేరు చెప్పాను. గాయపడ్డవాళ్ళకి వైద్యం చేసే పాత్ర తీసుకోమంది ఫిర్దౌస్. యుద్ధం చెయ్యక్కర్లేదట, వెనక నుంచుని చూసుకోవడమేనట. అలవాటైన పనే.


ఏప్రిల్ 22

పరిశీలన కోసమే.


మే 3

ఆయన్ని కనుక్కున్నాను. మా గదిలో తెర మీద ఎప్పుడో చూసిన పేరే, గట్టురాజు. కొల్లేటి కొంగలు అని తెలుగువాళ్ళ దండు ఒకటి ఉంది, అందులో ఉన్నారు. నన్నూ చేర్చుకున్నారు. వైద్యులు ఎప్పుడూ తక్కువేనట. దండుకి పెద్ద దుర్గాసాయి అనే ఆయన, ఎక్కడో బెంగళూరులో ఉంటాడు. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసుకుంటారు అందరూ.

మిగతావాళ్ళు కోట మీదికి వెళుతుంటే ఆయన బొమ్మ ఊరి బయట నీలం మడుగు ఒడ్డున నుంచుని ఉంది. పెద్ద కవచం, వీపున గొడ్డలి. చేతిలో మాత్రం గాలం.

“గట్టురాజు గారూ, యుద్ధానికి రారా?” అని టైపు చేశాను. రెండు కిలోమీటర్ల అవతల మా ఇంట్లో, మా గదిలో, ఆయన ఆ అక్షరాలు చదువుతున్నారు.

“వస్తానండి. ఈ గట్టు చూసుకుని.”

“గట్టుకేమైందండి?”

ఆయన బొమ్మ గాలం తీసేసి వెళ్ళిపోయింది.

ఇంక ఏదీ అడగకూడదని అక్కడే నేర్చుకున్నాను. ఇంట్లో ఇరవై రెండేళ్ళలో నేర్చుకోనిది.


మే 9

అడగలేదు. పక్కన కూర్చున్నాను. నా బొమ్మని కూర్చోబెట్టాను, అంతే. పావుగంట తర్వాత ఆయనే టైపు చేశారు.

“తిన్నారా అండి?”

నా కళ్ళు అద్దాల వెనక మసకబారాయి. కేబిన్‌కి తెర ఉంది కాబట్టి సరిపోయింది. నాకు ‘అండి’ పెట్టి, తిన్నానా అని అడిగి.

ఇంటికి వెళ్ళేసరికి పొద్దున నేను వండి పెట్టిన కూర గిన్నె మూత కూడా తియ్యకుండా అలాగే ఉంది.


మే 16

ఆయన చెప్పినవి, గుర్తున్నంత వరకు:

తెల్లవారుజామున చెరువులో గాలి తగ్గితే చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయట. ఆ చప్పుడు గట్టు మీద నుంచుంటే వానచినుకుల్లా వినిపిస్తుందట. ఇప్పటికీ నాలుగింటికి మెలకువ వచ్చేస్తుందట. చేపలకి మేతగా తవుడు సంచులు నీళ్ళలో వేలాడదీసే గెడకర్రలు మిషన్లు వెళ్ళిపోయాక కూడా చాలా రోజులు అలాగే నుంచున్నాయట, నీళ్ళు లేకుండా. పిల్లల్లేరండి, చెరువే, అన్నారు.

ఆయనకి నాలుగింటికి మెలకువ వస్తుందని నాకు తెలుసు. ఎందుకండీ లేచారు, ఆరోగ్యం బాగాలేదా, డాక్టరు దగ్గరికి వెళదామా అని రోజూ అడిగేదాన్ని. వానచినుకుల చప్పుడు గురించి తెలియదు.

‘గుర్తింపు’, ‘సాధన’, ‘సమూహంలో స్థానం’ అని ప్రశ్నావళి మీద నా చేతిరాతతోనే రాసి ఉంది. చించలేదు. ఆసిఫ్‌ని ఇంకోసారి అడగాలి.


మే 24

రాయబుద్ధి కావడం లేదు, రాయాలి.

గట్టు తెంపిన రోజు మిషన్‌కి ఎదురు నుంచున్నానని ఆయన అప్పట్లో నాతో చెప్పారు. ఆఫీసర్లతో వాదించానని, ఇద్దరు పట్టుకుని పక్కకి లాగారని. నేను స్టాఫ్ రూములో ఎన్నిసార్లు చెప్పుకున్నానో. మా అత్తగారు వెంకటనరసమ్మ గారు పోయేముందు కూడా “నా కొడుకు ఎదురు నుంచున్నాడే” అని అందరికీ చెప్పి పోయారు.

ఇవాళ ఇందుజకి చెప్పారు. ఆ రోజు పొద్దున్నే బయల్దేరారు. మండవల్లి బస్టాండులో దిగారు. అక్కణ్ణించి కాళ్ళు కదల్లేదు. సాయంత్రం దాకా సిమెంటు బెంచీ మీద కూర్చున్నారు. ముదినేపల్లి వైపు వెళ్ళే బస్సులన్నీ లెక్కపెట్టుకుంటూ. చీకటిపడే ముందు ప్యాంటుకి కావాలని బురద రాసుకుని ఇంటికి వచ్చారు.

ఆ ప్యాంటు నేనే ఉతికాను. గర్వంగా ఉతికాను.

“ఇంట్లో ఎందుకు చెప్పలేదో మీరు అడగలేదు,” అని టైపు చేశారు చివర్న. “అందుకే చెప్పగలిగాను. మా ఆవిడ టీచరండి. మంచిదే. కానీ ఏదన్నా చెబితే దాని కింద ఇంకో ప్రశ్న ఉంటుంది.”

“అవునండి,” అని టైపు చేశాను.


మే 25

ఏమీ లేదు.


జూన్ 12

కాలేజీ తెరిచి వారమైంది. ప్రేరణ పాఠం. బోర్డు మీద మెట్లు గీసి, సుద్దముక్క పట్టుకుని అలాగే నుంచున్నాను. ఎవరో అమ్మాయి “మేడం, పేరా రాసుకోమంటారా?” అంది. రాసుకోండి అన్నాను. ఏం రాసుకున్నారో.

ఒంటిగంటకి తలనొప్పని చెప్పి పవర్‌పేట ఆటో ఎక్కాను. వారంలో ఇది మూడోసారి. ప్రిన్సిపాల్ భీమశంకరం గారు, “సుందరి గారూ, బీపీ చూపించుకోండమ్మా,” అన్నారు పాపం.

ఇందుజగా ఉన్నప్పుడు భుజాలు తేలిగ్గా ఉంటాయి. ఆమెకి తాడేపల్లిగూడెంలో ఉద్యోగం ఇచ్చాను, ఒక బడిలో గుమస్తా. ఉల్లి మార్కెట్ దగ్గర మేడ మీద వాటా ఇచ్చాను. ఒక చెల్లెల్నిచ్చాను. మొగుణ్ణి ఇవ్వలేదు. ఆయనా అడగలేదు. ఆమెకి ఎవర్నీ మార్చాలని ఉండదు. నవ్వొస్తే నవ్వు బొమ్మ పెడుతుంది.

ఆయన కోసమేనా నేను వెళుతున్నది?

పరిశీలన కోసమే అని ఇక్కడ రాశాను ఏప్రిల్లో. ఆ పేజీ తిరగెయ్యలేదు.


జూన్ 20

ఇంట్లో నేను కూడా అడగడం మానేస్తే సరిపోతుంది కదా అనుకున్నాను. మూడు రోజులు మానేశాను. కంచం పెట్టాను, తీశాను. నోరు మెదపలేదు.

మూడో రోజు ఆయన తలుపు దగ్గర నుంచుని, “కోపమా?” అన్నారు.

“కాదండీ.”

“మరి?”

“ఏమీ లేదండీ.”

మధ్యాహ్నం ఇందుజతో అన్నారు: “మా ఇంట్లో మాటల్లేవండి ఈ మధ్య. నా మీద ఆశ వదిలేసుకున్నట్టుంది.”

అడిగితే ప్రశ్న. అడగకపోతే ఆశ వదిలేసుకోవడం. నాకు ఆ ఇంట్లో ఇంకో బొమ్మ లేదు.


జూన్ 28

ఇవాళ ఆయన ఇందుజకి టైపు చేశారు: “ఒకసారి గూడెం వచ్చి మిమ్మల్ని చూడాలనుందండి. చెడ్డగా అనుకోకండి. ఒకసారి మనిషిని చూసి, కాఫీ తాగి వచ్చేస్తాను. నేను గేటు దాటి చాలా నెలలైంది. మీ కోసమైతే దాటగలననిపిస్తోంది.”

నేను కాలవ గట్టు మీద నడుద్దామండీ అంటే మోకాళ్ళ నొప్పులన్నారు.


జూన్ 30

ఫిర్దౌస్‌కి అంతా చెప్పేశాను. ఎవరో ఒకరికి చెప్పకపోతే పిచ్చెక్కేలా ఉంది. తను జిరాక్స్ మిషన్ ఆపేసి వింది. నవ్వుతుందనుకున్నాను.

“చెప్పెయ్యండి మేడం గారూ. నేనేనండీ అనండి. రెండు రోజులు అరుస్తారు.”

“అరిచే మనిషైతే చెప్పేదాన్నే. ఆ బస్టాండు సంగతి విన్నది నేనేనని తెలిస్తే ఆయనకి కూర్చోవడానికి ఆ మడుగు గట్టు కూడా ఉండదు.”

“అయితే గూడెంలో ఎవర్ని చూపిస్తారు? నన్ను చూపిస్తారా? బొట్టు పెట్టుకుని వస్తాను కావాలంటే.” అప్పుడు నవ్వింది. తర్వాత మెల్లగా అంది. “ఇందుజని ఆపెయ్యాలండి. ఊరు మారిందనో, పెళ్ళైందనో.”

పెళ్ళైతే ఎదురుచూస్తారు. ఊరు మారితే ఆ ఊరు వెళతానంటారు. పోయిన మనిషి కోసమైతే ఎవరూ ఎదురుచూడరు. ఆ మనిషి లేకపోతే ఆ గదిలో ఇంకేముంది? బయటికి వస్తారు. బయట నేనున్నాను.

ఇలా ఆలోచించాను. నిజంగా ఇలాగే ఆలోచించాను, కాఫీ తాగుతూ, ఇరవై నిమిషాలు. కాస్త సంతోషం కూడా కలిగింది. ఎవరిమీద గెలుస్తున్నాననుకున్నానో.


జూలై 3

ఫిర్దౌసే టైపు చేసింది, చెల్లెలుగా. “మా అక్క ఇందుజ నిన్న పోయిందండి. కామెర్లు. వారం రోజులు కూడా లేదు. మీ అందరి గురించి చెబుతుండేది.” చివరి వాక్యం తనే చేర్చింది. కొట్టెయ్యమన్నాను. ఉంచమంది.

ఇంటికి వచ్చేసరికి గదిలో కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన వరండాలో మెట్టు మీద కూర్చుని ఉన్నారు. వెలుతుర్లో ఆయన్ని చూసి ఎన్నాళ్ళైందో. గడ్డం బాగా నెరిసింది.

“సుందరీ, నిన్న ఏ తిథి?”

క్యాలెండర్ దగ్గరికి వెళ్ళి, తెలిసిందే అయినా వేలుతో వెతికాను. “అమావాస్యండీ.”

తలాడించారు.


జూలై 4

పొద్దున్నే గడ్డం గీసుకున్నారు. తెల్ల చొక్కా అడిగారు. ఇస్త్రీ చేసి ఇచ్చాను. చెప్పులు మంచం కిందినుంచి తీసి బూజు దులుపుకున్నారు.

“ఎక్కడికండీ?”

అడిగేశాను. ఆయన విసుక్కోలేదు.

“గూడెం. పరామర్శకి.”

గేటు దాటారు. మొదటి బయటి అడుగు నేను చూశాను. ఇన్నాళ్ళూ దేనికోసం దేవుళ్ళందరికీ మొక్కుకున్నానో ఆ అడుగే.

సాయంత్రం ఐదున్నరకి తిరిగివచ్చారు. చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయింది. గేటు లోపలికొచ్చి గుమ్మం ముందు ఆగిపోయారు.

“నీళ్ళు పెట్టు. స్నానం చేసిగాని లోపలికి రాను.”

“ఎవరు పోయారండీ?”

“ఒకావిడ. ఆటలో పరిచయం.”

“వాళ్ళ ఇంటికి వెళ్ళారా?”

“దొరకలేదు. మార్కెట్ చుట్టూ నాలుగు వీధులు తిరిగాను. ఇంటిపేరు తెలీదు కదా.”

“ఇల్లే దొరకనప్పుడు స్నానం ఎందుకండీ?”

నా వైపు చిన్నపిల్లని చూసినట్టు చూశారు. “పరామర్శకే కదా వెళ్ళింది.”

పెరట్లో పంపు దగ్గర బకెట్ నింపాను. ఆయన చొక్కాతోనే కూర్చున్నారు. చెంబుతో ముంచి తలమీంచి పోసుకున్నారు. రెండో బకెట్ నేనే నింపాను. మూడోది కూడా. తువ్వాలు ఇచ్చేటప్పుడు ఆయన మొహం నిండా నీళ్ళే ఉన్నాయి కాబట్టి ఏవి ఏవో తెలియలేదు.

మా అత్తగారు పోయినప్పుడు ఈయన ఏడవలేదు. చెరువు పోయినప్పుడు ఏడవలేదు.

నాకోసం ఏడ్చారని రాసుకోవాలా ఇక్కడ?


జూలై 5

ఆట తెరవలేదు. నేననుకున్నదే జరిగింది.

గదిలో కాగితం మీద ఏదో రాసుకుంటున్నారు. కాఫీ ఇస్తూ చూశాను. ‘ఉల్లి మార్కెట్ దగ్గర. మేడ మీద వాటా. బడిలో గుమస్తా. చెల్లెలు ఉంది.’ నేను పొద్దుపోక టైపు చేసిన ముక్కలన్నీ వరసగా ఉన్నాయి. నా అబద్ధాలు ఆయన చేతిరాతలో ఎంత నిజంగా ఉన్నాయో.


జూలై 9

మళ్ళీ వెళ్ళారు. మూడు బడుల్లో కనుక్కున్నారట. మళ్ళీ గుమ్మం బయట ఆగారు. మళ్ళీ నీళ్ళు.

ఫిర్దౌస్‌కి ఫోన్ చేశాను. “ఇంకో మెసేజ్ పెడదామండి, మేము ఊరు వదిలేశామని,” అంది. తను అన్నట్టే పెట్టింది. ఆయన ఆట తెరవనే లేదు. ఆ మెసేజ్ ఎవరు చూస్తారు?


జూలై 11

చెప్పేస్తాను. ఆదివారం చెప్పేస్తాను.


జూలై 13, ఆదివారం

పొద్దున ఆయనే వంటింట్లోకి వచ్చారు. “ఖాళీయేనా ఇవాళ? నాతో రా. మగవాణ్ణి, పోయిన ఆడమనిషి గురించి అడుగుతుంటే అందరూ ఒకలా చూస్తున్నారు. నువ్వైతే అడగగలవు.”

ప్యాసింజర్ ఎక్కాం. భీమడోలు దాకా ఎలా మొదలుపెట్టాలా అని ఆలోచించాను. పూళ్ళలో రైలు చాలాసేపు ఆగింది. అప్పుడు చెప్పాల్సింది. ఆయన ఆ కాగితం తీసి నా ఒళ్ళో పెట్టి, “ఇవీ వివరాలు,” అన్నారు. చదివినట్టు నటించాను.

ఉల్లి వాసన స్టేషన్ బయటే మొదలైంది. మొదటి వీధిలో నాలుగిళ్ళు. నేను ముందు, ఆయన నా వెనక రెండడుగుల దూరంలో. “ఇక్కడ ఇందుజ గారని, బడిలో చేసేవారండీ, ఈ మధ్యే పోయారటండీ...” మొదటి ఇంట్లో చేతిలో కాగితం చూసి చదివాను. నాలుగో ఇంటికి వచ్చేసరికి మామూలుగానే వచ్చేసింది.

ఐదో ఇంట్లో జ్ఞానప్రసూనాంబ గారని పెద్దావిడ అరుగు మీద చేటలో బియ్యం ఏరుకుంటున్నారు. కూర్చోమన్నారు.

“ఇంటిపేరు ఏంటమ్మా?”

“తెలీదండీ.”

“ఎవరి తాలూకు? పుట్టింటివాళ్ళు ఎక్కడివాళ్ళు?”

“తెలీదండీ.”

“అయ్యో రాత. ఇంటిపేరు తెలీదు, తాలూకు తెలీదు, పరామర్శకి మాత్రం వచ్చారు. ఇంతకీ మీకు ఏమవుతుందమ్మా?”

ఆవిడ చేట ఆపి నన్నే చూస్తున్నారు. వెనక నుంచి ఆయన అన్నారు:

“నాతో మాట్లాడే మనిషండి.”

పెద్దావిడ ఆయన వైపు చూశారు, నా వైపు చూశారు. ఏమనుకున్నారో. “చూడమ్మా, ఆ మలుపులో రెండు మేడలున్నాయి, అక్కడ అడుగు,” అన్నారు, గొంతు బాగా తగ్గించి, నామీద జాలితో.

అడిగాను. ఇంకా పదకొండిళ్ళు అడిగాను. ఒకచోట మజ్జిగ ఇచ్చారు. ఆయన సగం తాగి గ్లాసు నాకిచ్చారు.

తిరుగు రైల్లో కిటికీ సీటు నాకు వదిలి పక్కన కూర్చున్నారు. ఆ మనిషి గురించి చెప్పడం మొదలుపెట్టారు. ఎలా నవ్వేదో, ఎలా పక్కన కూర్చునేదో. బస్టాండు మాట రాలేదు. అదొక్కటీ దాటుకుంటూ మిగతాదంతా చెప్పారు. భీమడోలు దాటింది. రెండేళ్ళలో ఆయన నాతో ఇంతసేపు మాట్లాడింది ఇవాళే. నేను మధ్యలో ఏమీ అడగలేదు. చెబుతుంటే మొహంలోకి పాత రంగు వచ్చింది, చెరువులో చేపలు పట్టే రోజుల్లో ఉండే రంగు.

“ఏవండీ,” అన్నాను.

“ఊఁ?”

ఆయన నా వైపు తిరిగి నిజంగా వింటున్నారు.

“ఏం లేదండీ.”

“స్టేషన్‌కి అవతలి వైపు చూడనేలేదు మనం,” అన్నారు. “వచ్చే ఆదివారం అటు వెళదాం.”

సరేనన్నాను.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళైంది. ఇద్దరం గుమ్మం బయటే ఆగాం. ఇవాళ నాకూ స్నానమేనన్నారు. ముందు నువ్వు చెయ్యి, అని బకెట్ ఆయనే నింపిపెట్టారు.